డింగీని దించేదెవరు?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున హనుమకొండలో చాయ్ ముందు కూర్చున్నప్పుడు దుబాయి నుంచి ఫోన్ వచ్చింది. కరీంనగర్ తమ్ముడు. చుట్టం కాదు, అక్కడ పరిచయమైనవాడు. అయినా మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలుస్తాడు. ఏసీ డక్టుల పనిలో కూలీగా మొదలై కాంట్రాక్టరయ్యాడు, నాలుగు పైసలు వెనకేసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు దోస్తులతో కలిసి 16 మీటర్ల పాత మోటార్ యాట్ ఒకటి, అంటే విహారానికి తిరిగే ఇంజను పడవ, కొన్నాడట. ఈత అంతంతమాత్రంగా వచ్చిన మనిషి యాట్ కొన్నాడంటే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

“అన్నా, అంతా మంచిగనే ఉన్నది గని, డింగీ ఏడ వెట్టాలె?” అన్నాడు. డింగీ అంటే యాట్ వెంట ఉండే చిన్న పడవ.

“ఇప్పుడు ఏడున్నది?”

“ఇప్పుడైతే లేదు. పాత ఓనరు ఎవలికో అమ్ముకున్నడు. మేం కొత్తది కొనాలె. ఒకలు మీద పెట్టుమంటున్నరు, ఒకలు ఎనుక ఏలాడదియ్యుమంటున్నరు. ముందట మస్తు జాగ ఉన్నది. గక్కడ ఏస్తే ఒడిశిపోతది గదా?”

అప్పుడు ఫోన్‌లో చెప్పింది కొంత, పెట్టేశాక ఆలోచించింది కొంత. రెండూ కలిపి రాస్తున్నాను. సముద్రం గాలి కూడా సోకని ఊళ్లో కూర్చొని యాట్ల ముచ్చటేమిటని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. 2010లో దుబాయి పోయాను. వీసా మీద రాసిన పని క్లీనర్. ఏం క్లీన్ చేయాలో అక్కడికి పోయాకే తెలిసింది: మెరీనాలో, అంటే యాట్లు నిలిపే రేవులో, కట్టేసిన యాట్లు. రెండేళ్లు ఉప్పు కడిగాను. తర్వాత ఒక యాట్ మీద డెక్‌హ్యాండ్‌గా తీసుకున్నారు. 2021లో ఇంటికి వచ్చేదాకా అదే పని. తాళ్లు, లంగరు, డింగీ. ముఖ్యంగా డింగీ.

చూడనివాళ్ల కోసం ఒక మాట. మోటార్ యాట్‌కు కింద తగినంత లోతు కావాలి. ఒడ్డు దాకా రాలేదు. దూరంగా లంగరేసి, మనుషుల్నీ సామాన్లనీ ఒడ్డుకు చేర్చడానికి ఒక బుల్లి పడవ వెంట ఉంచుకుంటుంది. అదే డింగీ. చాలావరకు అడుగు గట్టిగా ఉండి, చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టాలుంటాయి. అలాంటిదాన్ని రిబ్ అంటారు. సిబ్బంది మాత్రం దీన్ని టెండర్ అంటారు. మొదట్లో కెప్టెన్ “టెండర్ రెడీ చెయ్” అంటే, మన దగ్గర రోడ్డు పనులకు వేసే టెండర్ తప్ప ఇంకోటి తెలియని నేను కాగితాల కోసం వెతికాను. ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పి నవ్వుకుంటారు.

ఇక అసలు మాట. తమ్ముడు అడిగిన తీరులోనే తప్పుంది. “జాగ ఎక్కడుంది?” అని చూస్తున్నాడు. మనం ఇళ్లలో కూడా అంతే. ఇన్వర్టర్ బ్యాటరీ మెట్ల కింద ఎందుకు పెట్టామంటే అక్కడ ఖాళీ ఉంది కాబట్టి. అప్పుడప్పుడు దాంట్లో నీళ్లు పోయాల్సి వచ్చినప్పుడు నడుము వంగక తిట్టుకుంటాం. డింగీ విషయంలో ఖాళీ జాగ చివర చూడాల్సిన సంగతి. మొదట అడగాల్సింది: దాన్ని నీళ్లలోకి దించేదెవరు? ఆ మనిషి ఎంత బరువు మోయగలడు? ఆ టైముకు కరెంటు ఉంటుందా? దీనికి జవాబు దొరికితే చోటు దానంతట అదే తేలుతుంది. నేను ఇది మొదటి నుంచీ తెలిసినవాడిలా చెబుతున్నాను గానీ, ఏడెనిమిదేళ్లు నేనూ తప్పు వైపే వాదించాను.

యాట్ ముక్కు వైపు బయట ఉండే ముందు డెక్ సంగతి తొందరగా తేల్చేస్తాను. ఖాళీగా కనిపిస్తుంది, నిజమే. కానీ లోపల స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడి చూపు ఆ ఖాళీ మీదుగానే పోవాలి. అక్కడ డింగీ పెడితే ఎదురుగా వచ్చే చేపల పడవ, నీళ్లలో తేలే వల బుడగ దగ్గరికొచ్చేదాకా కనబడవు. లంగరు యంత్రం కూడా అక్కడే ఉంటుంది. లంగరు ఇరుక్కున్న రోజు మనిషి మోకాళ్ల మీద కూర్చొని పని చేసే చోటు అది. అలల దెబ్బ మొదట తగిలేదీ అక్కడే. పైగా దించడానికి క్రేన్ కావాలి. 30 మీటర్ల పైబడిన వాటికి ముందు డెక్ విశాలంగా ఉంటుంది, స్టీరింగ్ ఎత్తులో ఉంటుంది, వాళ్లకు చెల్లుతుంది. 16 మీటర్లకు వద్దు.

మీద పెట్టడం వేరే కథ. యాట్‌కు పైన ఇంకో అంతస్తులా ఫ్లైబ్రిడ్జ్ ఉంటుంది. దాని వెనక భాగంలో డింగీని కూర్చోబెట్టి, పక్కన క్రేన్ బిగిస్తారు. చూడటానికి దర్జాగా ఉంటుంది. కింద ఈత కొట్టే చోటు ఖాళీగా మిగులుతుంది. అలలు తగలవు, దొంగలు ముట్టరు. నేను పనిచేసిన యాట్ మీద డింగీ అక్కడే ఉండేది. ఇంతకంటే మంచి చోటు లేదని కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పాఠాలు కూడా చెప్పాను.

బరువు లెక్క మాత్రం ఎన్నడూ వేసుకోలేదు. రిబ్, దాని ఇంజను, ట్యాంకులో పెట్రోలు, క్రేన్, ఆ క్రేన్ ఊడిరాకుండా కింద వేసిన ఇనుము, అన్నీ కలిపితే 300 కిలోలు సులువుగా దాటుతాయి. అంటే నలుగురు పెద్దమనుషులు నీటిమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తున రాత్రీ పగలూ నిలబడి ఉన్నట్టు. వరిగడ్డి ట్రాక్టర్ వెనక పోయినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కిందంతా ఖాళీగా వదిలి పైన బరువేసిన బండి మూలమలుపులో ఎలా వాలుతుందో చూసే ఉంటారు. యాట్ కూడా అంతే. పక్కకు ఎక్కువ ఒరుగుతుంది, తిరిగి లేవడానికి టైం తీసుకుంటుంది. యాట్ తయారుచేసేటప్పుడే ఆ బరువు లెక్కలోకి తీసుకొని ఉంటే ఇబ్బంది లేదు. పాత యాట్ కొని, ఆ తర్వాత మీద క్రేన్ బిగిస్తామంటేనే చిక్కు.

ఈ లెక్క నాకు దుబాయిలో తలకెక్కలేదు, పాలంపేటలో, రామప్ప గుడి దగ్గర ఎక్కింది. ఇంటికి వచ్చాక పిల్లల్ని తీసుకొని రామప్పకు పోయాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గుడి శిఖరం కింద నిలబడి గైడ్ అందరికీ చెప్పేదే మాకూ చెప్పాడు: శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. తేలే ఇటుక అంటే వింత అనుకుంటూ వచ్చాను. ఆ రోజు మొదటిసారి తట్టింది, తేలడం కోసం కాదు వాళ్లు అది చేసింది. ఇసుక నింపిన పునాది మీద అంత రాతి గుడి నిలబెట్టి, అన్నిటికంటే ఎత్తున ఉండేదాన్ని అన్నిటికంటే తేలిగ్గా చేశారు. మేం యాట్ నెత్తి మీద ఇనప క్రేన్ పెట్టుకొని తిరిగాం.

ఇంకో సంగతి ఉంది. క్రేన్‌కు డింగీ వేలాడగానే దాని బరువు డింగీ దగ్గర ఉండదు, తాడు పైకొస దగ్గర ఉన్నట్టు పనిచేస్తుంది. డింగీ కిందికి దిగుతోంది కదా అని మనసు కుదుటపడుతుంది గానీ, అది నీళ్లను తాకేదాకా యాట్‌కు మాత్రం బరువు క్రేన్ చేతి చివరనే ఉంటుంది, అదీ ఒక పక్కకు. యాట్ ఒరుగుతుంది. కొంచెం అల ఉంటే డింగీ గుడి గంటలా ఊగడం మొదలుపెడుతుంది. దాన్ని రెండు తాళ్లతో ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు రిమోట్ నొక్కాలి. ముగ్గురు. తమ్ముడి యాట్ మీద ముగ్గురు పని తెలిసినవాళ్లు ఎప్పుడుంటారు?

అసలు కథ 2019 ఫిబ్రవరిలో జరిగింది. చలికాలం అక్కడ సీజన్. ముసందం పోయాం. ఒమన్‌కు చెందిన చోటు, కొండల మధ్యకు సముద్రం వేళ్లలా చొచ్చుకొచ్చి ఉంటుంది. లంగరేసి ఉన్నాం, చైన్ 50 మీటర్లు వదిలాం. అతిథులు వెనక ఈత కొడుతున్నారు. పదేళ్ల పిల్లవాడొకడు గాలి నింపిన పరుపు లాంటి దాని మీద పడుకొని ఉన్నాడు. సాయంత్రం కొండల మీద నుంచి గాలి తిరిగింది. ఎవరూ చూడకముందే వాడు నూరు మీటర్లు పోయాడు. చూసేసరికి ఇంకా పోతున్నాడు.

ఇంజన్లు స్టార్ట్ చేయడానికి లేదు, వెనక ప్రొపెల్లర్ల దగ్గరే నలుగురు ఈత కొడుతున్నారు. వాళ్లను పైకెక్కించి, 50 మీటర్ల చైన్ లాగి బయలుదేరాలంటే పది నిమిషాలు. డింగీ అయితే రెండు నిమిషాల్లో పోయి తెస్తుంది. నేను పరుగెత్తుకొని పైకెక్కాను, కట్లు విప్పాను, రిమోట్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. కింద నుంచి కెప్టెన్ అరుస్తున్నాడు. క్రేన్ పంపుకు పోయే వైరు కొసన ఉప్పు పట్టి పచ్చగా పొడి అయిపోయిందని తెల్లారి తెలిసింది. ఆ క్రేన్‌ను ప్రతి వారం నేనే పాలిష్ చేసేవాణ్ని. అద్దంలా మెరిసేది. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పే హ్యాండిల్ కూడా దానికి ఉంది, ఏ అరలో ఉందో ఎవరికీ తెలియదు.

పిల్లవాణ్ని ఒమన్ చేపల పడవ ఒకటి తెచ్చి అప్పగించింది. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. వాళ్లమ్మ ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ చేపల పడవ ఆయన డబ్బు తీసుకోలేదు, ఖర్జూరాల డబ్బా ఒకటి మాకే ఇచ్చి పోయాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. పాపికొండలు చూడటానికి పోయినవాళ్లు. అందులో మన కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. వరంగల్, హనుమకొండల్లో ఆ వారమంతా వేరే మాట లేదు. మా అమ్మ రాత్రి ఫోన్ చేసింది. నేను పడవల మీద పనిచేస్తానని మాత్రమే ఆమెకు తెలుసు, ఎలాంటి పడవలో తెలియదు.

“మీ పెద్ద పడవ మునిగితె ఇంకో పడవ ఉంటదా బిడ్డా?” అంది.

“ఉంటదమ్మా. చిన్నది.”

“ఏడ ఉంటది?”

“మీద ఉంటది.”

కాసేపు మాట్లాడలేదు. “మీద ఉంటె మునిగేటప్పుడు దాన్ని దించేదెవలు?”

బావి నీళ్లు, చెరువు నీళ్లు తప్ప చూడని మనిషి. యాట్ డిజైనర్లకు వేయాల్సిన ప్రశ్న వేసింది. అబద్ధం చెప్పాను, దానికి మిషన్ ఉందన్నాను. మిషన్ సంగతి నాకు ఏడు నెలల ముందే తెలుసు.

ఇక్కడొక విషయం న్యాయంగా చెప్పాలి. యాట్ మునిగేటప్పుడు నమ్ముకోవాల్సింది డింగీని కాదు, లైఫ్‌రాఫ్ట్‌ను. తెల్లటి డబ్బాలో మడిచి ఉంటుంది. తాడు లాగితే గాలి నిండి విచ్చుకుంటుంది. హైడ్రోస్టాటిక్ రిలీజ్ బిగించి ఉంటే, పడవతో పాటు నీళ్లలో 1.5 నుంచి 4 మీటర్ల లోతుకు పోగానే ఒత్తిడికి పట్టీ తెగి దానంతట అదే విడిపోతుంది. డింగీ దానికి బదులు కాదు. డింగీ ఉంది కదా అని లైఫ్‌రాఫ్ట్ కొనని ఓనర్లను చూశాను, డింగీ పెట్టడానికి అడ్డమని లైఫ్‌రాఫ్ట్‌ను సోఫా కింద తోసినవాళ్లనూ చూశాను. కానీ యాట్ మునగడం అనేది జీవితంలో ఒకసారి కూడా జరగకపోవచ్చు. పిల్లవాడు గాలికి కొట్టుకుపోవడం, ఒకరికి ఛాతీలో నొప్పి రావడం, టోపీ కోసం దూకినవాడు తిరిగి ఈదలేకపోవడం, ఇవి జరిగేవి. వాటికి డింగీయే కావాలి, వెంటనే కావాలి.

సరే, వెనక వేలాడదీసే సంగతి. వెనక గోడకు రెండు ఇనప చేతులు బిగించి, వాటికి డింగీని వేలాడదీస్తారు. వాటిని డేవిట్లు అంటారు. ఖర్చు తక్కువ, చేత్తో తిప్పి తాడు చుట్టే వించి ఉంటే కరెంటుతో పని లేదు. నా ప్రశ్నకు ఇది దాదాపు పాసవుతుంది. అయినా తమ్ముణ్ని వద్దన్నాను. వెనక నుంచి పెద్ద అల తరిమినప్పుడు మొదట దొరికేది వేలాడుతున్న డింగీయే. రాత్రిపూట చూపాల్సిన వెనక తెల్ల దీపం సముద్ర నిబంధనల ప్రకారం 135 డిగ్రీల మేర కనబడాలి. అడ్డంగా డింగీ వేలాడుతుంటే సగం వైపులకు కనబడదు. వెనక్కి నడిపి మెరీనాలో కట్టేటప్పుడు గట్టు కనబడదు. ఇనప చేతులతో కలిపి పొడవు కొలిచి అద్దె వేసే మెరీనాలో నెలనెలా ఆ మీటరున్నరకు కూడా కట్టాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, వాన నీళ్లు ఒక ఎత్తు. దుబాయిలో వానేమిటంటారా? 2024 ఏప్రిల్ 16న ఎయిర్‌పోర్టు దగ్గర ఒక్క రోజులో 14 సెంటీమీటర్లు కురిసింది. అప్పటికి నేను ఇక్కడే ఉన్నాను, పాత దోస్తు వీడియో పంపాడు. డేవిట్లకు వేలాడుతున్న ఒక డింగీ, ఒక చెయ్యి వంగి, నీళ్లలోకి మూతి పెట్టి ఉంది. లెక్క తేలికే. మూడు మీటర్ల డింగీ లోపలి అడుగు సుమారు రెండు మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు అనుకుంటే ఒకటిన్నర చదరపు మీటర్లు. దాంట్లో 14 సెంటీమీటర్ల నీళ్లంటే 210 లీటర్లు, అంటే 210 కిలోలు. డింగీ కంటే దాంట్లోని వాన బరువెక్కువ. అడుగున ఒక చిన్న బిరడా ఉంటుంది. ఎత్తగానే అది తీసేయాలి, మళ్లీ దించే ముందు పెట్టాలి. తీయడం మర్చిపోతే ఇలా అవుతుంది, పెట్టడం మర్చిపోతే ఎలా అవుతుందో చెప్పక్కర్లేదు. ఈ లెక్క వేస్తుంటే మన లక్ష్మీదేవిపేట గుర్తొచ్చింది. ములుగు జిల్లాలో, రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే. 2023 జులై 27 పొద్దుటికి 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు. ఆ వానకు ఏ డింగీ అయినా అంచు దాకా నిండి పొర్లిపోయేదే.

ఆ రోజే భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచింది. జనం ఇళ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కి గంటల తరబడి కూర్చున్నారు. ఆర్మీ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇక్కడ హంటర్ రోడ్డు కాలనీల్లో ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రబ్బరు పడవల్లో మనుషుల్ని తెచ్చారు. ఆ పడవలూ డింగీలకు అన్నదమ్ములే. వీధి చివర నిలబడి వాళ్లు ఒకదాన్ని నీళ్లలోకి తోయడం చూశాను. నలుగురు నాలుగు పక్కలా పట్టుకున్నారు, ఒక్క మాట లేదు, దించేశారు. క్రేన్ లేదు, రిమోట్ లేదు. నాకు ముసందంలో నా వేలి కింద నొక్కుకుపోయిన బటన్ గుర్తొచ్చింది. పల్లెల్లో చేపలు పట్టేవాళ్ల థర్మోకోల్ తెప్ప అయితే ఒక్కడే నెత్తి మీద పెట్టుకొని చెరువు దాకా పోతాడు.

ఇంకా కొన్ని దారులున్నాయి. తాడు కట్టి వెంట లాక్కుపోవడం: తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే రెండూ ఆగుతాయి, వద్దు. గాలి తీసి మడిచి అరలో పెట్టడం: పంపు కొట్టేసరికి పిల్లవాడు ఇరాన్ చేరతాడు. వెనక గదిలా కట్టి తలుపు పెట్టిన గ్యారేజీ: పెద్ద యాట్లకు బాగుంటుంది. నీడలో ఉంటుంది, బరువు కిందే ఉంటుంది. కానీ డింగీ ఇంజను పెట్రోలుది, యాట్ ఇంజన్లు డీజిల్. మూసిన గదిలో పెట్రోలు ఆవిరి మన సిలిండర్ గ్యాస్ లాగే గాలి కంటే బరువు, కిందికి దిగి మూలల్లో కూర్చుంటుంది. దానికి గాలి ఆడాలి, ఆవిరిని పసిగట్టే పరికరం ఉండాలి, స్విచ్చుల్లో నిప్పురవ్వ రాకూడదు. తమ్ముడి యాట్‌కు గ్యారేజీ లేదు కాబట్టి బతికిపోయాడు.

మిగిలింది వెనక స్విమ్ ప్లాట్‌ఫాం. నీటికి జానెడు ఎత్తున బల్లలా ఉంటుంది, దాని మీద నుంచే అందరూ నీళ్లలోకి దిగుతారు. డింగీ అక్కడ కూర్చోవాలన్నది నా మాట. కరెంటుతో కిందికి దిగే ప్లాట్‌ఫాంలూ వస్తాయి. బల్లతో సహా డింగీ నీళ్లలోకి దిగి తేలుతుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. అవీ మోటారు మీద నడిచేవే. చాలావాటికి చేతి పంపు ఇస్తారు, ఉందో లేదో చూడాలి, ఉంటే కొట్టి చూడాలి. తమ్ముడి దానికి మామూలు కదలని ప్లాట్‌ఫామే ఉంది. నన్నడిగితే అదే నయం.

వాళ్ల దోస్తుల్లో ఒకరు ఫోన్ అందుకొని వాదించారు. పేరు నాకు తెలియదు, హిందీలో మాట్లాడాడు. ప్లాట్‌ఫాం మీద డింగీ ఉంటే పిల్లలు ఎక్కడ కూర్చుంటారు, యాట్ కొన్నదే దాని కోసం కదా అన్నాడు. నిజమే, సగం జాగ పోతుంది. వెనక అలలు డింగీని బాదుతాయి కదా అన్నాడు. అదీ నిజమే, గట్టి పట్టీలతో నాలుగు చోట్ల కట్టాలి, అయినా చెడు వాతావరణంలో కొంత దెబ్బ తప్పదు. ఇంజన్ల పొగ మసి అంటుకుంటుంది, అదీ ఒప్పుకున్నాను. మనిషిని పెట్టుకుంటాం, క్రేన్ వేయిస్తాం, మీదే పెడదాం అన్నాడు. జీతమిచ్చి ఐదుగురు సిబ్బందిని పెట్టుకున్న పెద్ద యాట్ అయితే నేనూ మీదే అనేవాణ్ని. వాళ్లకు దించేవాళ్లున్నారు, వారం వారం దించి చూస్తారు, చూడాలి. మీరు పెట్టుకునే ఒక్క మనిషికి శుక్రవారం జ్వరమొస్తే? అప్పుడు యాట్ మీద ఉండేది మీరు, మీ ఇంటివాళ్లు, పిల్లలు. నేను ఆ చేతులు చూసి మాట్లాడుతున్నాను. ఆయనకు నచ్చలేదు. “చలో, దేఖ్‌తే హై” అని ఫోన్ తమ్ముడికిచ్చాడు.

అందుకే చోటు కంటే ముందు సైజు తేల్చమన్నాను. వాళ్లు చూసి వచ్చిన రిబ్‌కు స్టీరింగు, సీట్లు, 20 హెచ్‌పీ ఇంజను ఉన్నాయి. అది పడవ కాదు, బరువు. 2.7 మీటర్ల అల్యూమినియం అడుగు రిబ్ ఒకటి, 40 కిలోల లోపు దొరికితే చాలు. 6 హెచ్‌పీ ఇంజను 27 కిలోల దగ్గర ఉంటుంది. నలుగురు మెల్లగా ఒడ్డుకు పోతారు, జోరు ఉండదు. గొట్టాలు పీవీసీవి వద్దు, ఆ ఎండకు కొన్నేళ్లకే జిగురు కారతాయి. హైపలాన్ రకం గుడ్డ ధర ఎక్కువైనా అదే తీసుకోమన్నాను. ప్లాట్‌ఫాం మీద జారుడు పీటలు బిగిస్తే ఇద్దరు నెట్టగలరు.

నెట్టగలరని నేను అనడం కాదు, నెట్టి చూడమన్నాను. డబ్బు కట్టకముందే. షాపువాణ్ని ఒక పూట అరువివ్వమను, మెరీనాలో కట్టేసి ఉండగానే యాట్ మెయిన్ స్విచ్ ఆపెయ్, నువ్వూ మీ ఇంటావిడా తప్ప ఎవరూ ముట్టొద్దు, గడియారం పెట్టు. కట్లు విప్పడం నుంచి ఇంజను స్టార్ట్ అయ్యేదాకా ఐదు నిమిషాలు దాటితే ఆ డింగీ మీది కాదు. బిరడా పెట్టారో లేదో కూడా చూసుకో.

రెండు వారాలకు మళ్లీ ఫోన్ చేశాడు. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టిందట. పట్టీలు తడిసి బిగుసుకుపోయాయి, తను గోళ్లతో పీకుతూ కూర్చున్నాడు. రెండోసారి పట్టీలు మార్చి ఆరు. మూడోసారి ఇంటావిడ, అత్త కొడుకు కలిసి నాలుగున్నరలో దించేశారట, తను ఒడ్డున నిలబడి గడియారం చూశాడు. ఆ హిందీ దోస్తు ఇంకా క్రేన్ ధరలు పంపుతూనే ఉన్నాడట. పెద్ద డింగీ మాట మాత్రం ఎత్తడం లేదు.

తర్వాత ఇంటావిడే, ఆ చెల్లె, ఫోన్ తీసుకుంది. జగిత్యాల పిల్ల, గొంతులో ఇంకా ఆయాసం ఉంది.

“అన్నా, అంతా మంచిగైంది గని, దాని ముందటి తాడు పొట్టిగైతున్నది. నీళ్లల్లకు తోసినంక చేతిల నుంచి గుంజుకపోతున్నది. ఎన్ని మీటర్లది కొనాలె?”

ఆరు మీటర్లు, నీళ్లలో తేలే రకం అన్నాను. రాసుకుంటున్నానంది.